నా గడ్డం, మా మోటారు, శక్తి నిత్యత్వం

సోమవారం మా అమ్మాయికి సైన్సు పరీక్ష. పాఠం శక్తి రూపాలు. ఆదివారం పొద్దున అది హాల్లో అటూ ఇటూ పచార్లు చేస్తూ "శక్తిని సృష్టించలేము, నాశనం చేయలేము, ఒక రూపం నుంచి మరొక రూపంలోకి మాత్రమే మార్చగలము" అని పదకొండోసారి బట్టీ పడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. "అర్థమైందా అసలు?" అన్నాను. "అర్థం కూడా అవ్వాలా నాన్నా? రెండు మార్కుల ప్రశ్నే కదా" అంది.

అప్పుడే లేచి లోపలికి వెళ్లిపోయుంటే ఈపాటికి నా గడ్డం మామూలు రంగులోనే ఉండేది.

నాది లెక్కలు రాసే ఉద్యోగం. కానీ చిన్నప్పుడు ఫిజిక్సు బాగా వచ్చేదని నాకొక జ్ఞాపకం, దానికి సాక్షి మా అమ్మ ఒక్కతే. ఆ ధైర్యంతోనే "చూపిస్తా రా" అన్నాను. మంచం కింద రెండేళ్లుగా తపస్సు చేసుకుంటున్న అయిదు కిలోల డంబెల్‌ని బయటికి లాగాను. నేల మీద ఉన్న వస్తువుకి స్థితిశక్తి, అంటే ఎత్తు వల్ల వచ్చే శక్తి, సున్నా అనుకోవచ్చు, దాన్ని కొన్న రోజు నుంచి నా వ్యాయామం కూడా ఆ సున్నా దగ్గరే ఆగింది. స్టూలెక్కి, హాలు పైకప్పుకి ఎప్పుడో ఉయ్యాల కోసం వేయించిన కొక్కేనికి నైలాన్ తాడుతో దాన్ని వేలాడదీశాను. తాడు రెండు మీటర్లు, డంబెల్ నేలకి మీటరు ఎత్తులో. లోలకం తయారు.

ప్రయోగం చాలా పాతది, కాలేజీల్లో లెక్చరర్లు బరువైన ఇనుప గుండుతో చేసి పిల్లల్ని హడలగొడుతుంటారు. బరువుని గడ్డం దాకా లాక్కొచ్చి వదిలేయాలి, అంతే. అది అటు చివరిదాకా పోయి మీ మొహం మీదికి తిరిగొస్తుంది, మీరు కదలకూడదు. వదిలిన ఎత్తు కంటే వెంట్రుకవాసి కూడా పైకి రాదు, ఎందుకంటే పైకి రావడానికి కావలసిన శక్తి దానికెవరూ ఇవ్వలేదు కాబట్టి. పైగా గాలి, తాడు, కొక్కెం తలా కాస్త తినేసి వేడిగా మార్చేస్తాయి గనక కొంచెం ఇవతలే ఆగుతుంది. లెక్క కూడా చెప్పాను: అయిదు కిలోలు, వేలాడే చోటు నుంచి గడ్డం దాకా అరమీటరు ఎత్తు, కాబట్టి దాదాపు పాతిక జౌళ్ల స్థితిశక్తి (శక్తిని కొలిచేది జౌళ్లలోనే). కిందికొచ్చేసరికి అదంతా గతిశక్తి అయిపోయి గంటకి పదకొండు కిలోమీటర్ల వేగంతో పోతుంది, మళ్లీ పైకెక్కుతూ ఆ వేగాన్ని ఎత్తుగా మార్చుకుంటుంది. పోయి రావడానికి మూడు సెకన్లు కూడా పట్టదు.

అసలు గోడకి ఆనుకుని నిలబడాలి. ఆనుకునేవాణ్ణే, కానీ వెనకాల స్విచ్ బోర్డు వీపుకి గుచ్చుకుంటుంటే ఒక జానెడు ముందుకి జరిగాను. (ఈ జానెడుని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనుంది.)

వదిలాను. పోయింది. వచ్చింది. కళ్లు మూసుకోలేదని చెప్పను, కానీ కదల్లేదు. గడ్డానికి అంగుళం ఇవతల ఆగి, వినయంగా వెనక్కి వెళ్లిపోయింది. మా అమ్మాయి కళ్లు ఇంతలేసి చేసుకుని చూసింది. ఆ కళ్లు చూశాక ఏ తండ్రైనా ఆగుతాడా చెప్పండి. "అమ్మని పిలువు" అన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే ఆగింది. ఆవిడకి నా సైన్సు మీద ఏనాడూ గురి లేదు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి కూడా ఇంచుమించు వంద వాట్ల వేడి వస్తూనే ఉంటుందని ఒకసారి చెబితే, "బల్బయితే దాంతోపాటు కాస్త వెలుతురైనా ఇస్తుంది" అంది. అలాంటి మనిషి ముందు ఉత్తినే వదిలేస్తే చప్పగా ఉంటుందనిపించింది. డంబెల్‌ని గడ్డం దగ్గర పెట్టుకుని, వదులుతూ చిన్న ఊపు ఇచ్చాను. చిన్నదే. అటువైపు కాస్త గట్టిగా పోతే చూడ్డానికి బావుంటుందని.

అది పోయి వస్తున్న ఆ మూడు సెకన్లలో నేను చిరునవ్వుతో మా ఆవిడ వైపు చూస్తున్నాను. డంబెల్ వైపు కాదు.

ఆ ఊపు ఖరీదు ఎంతో తర్వాత మంచు ముక్కలు గడ్డానికి అద్దుకుంటూ లెక్కేశాను. సెకనుకి ఒక మీటరు వేగం ఇచ్చాననుకుంటే రెండున్నర జౌళ్లు. దాంతో డంబెల్ ఇంకో అయిదు సెంటీమీటర్లు పైకెక్కగలదు. అయిదే కదా అనుకోకండి, అది ఏటవాలుగా ఎక్కుతుంది కాబట్టి అయిదు పైకి వెళ్లడానికి ఏడున్నర సెంటీమీటర్ల దారి నడవాలి. గాలి వాటా తీసేసినా, ఆ దారిలో మొట్టమొదట తగిలేది నా గడ్డం. ఠంగుమంది. గతిశక్తి, ధ్వనిశక్తి అయింది. మిగిలింది గడ్డంలో వేడి అయింది, అదింకా ఉందనే నా అనుమానం.

దెబ్బకి వెనక్కి తూలాను. జానెడు ఖాళీ ఉందన్నానే, ఆ జానెడూ వెనక్కి ప్రయాణించడానికి సరిగ్గా సరిపోయింది. తల గోడకి, భుజం స్విచ్ బోర్డుకి తగిలాయి. నేను కింద కూర్చుండిపోయాను. మా ఆవిడ "ఏమండీ!" అని పరిగెత్తుకొచ్చింది. మా అమ్మాయి "నాన్నా, అది వెంట్రుకవాసి కూడా రాదన్నావుగా" అంది.

ఆ హడావిడిలో ఎవరూ గమనించనిది ఏమిటంటే, నా భుజం నీళ్ల మోటారు స్విచ్ మీద పడింది. ట్యాంకు పొద్దున్నే నిండింది. మోటారు సణుగుతోంది, ఆ సణుగుడు నా తలలోంచి వస్తోందని నేననుకున్నాను, మా ఆవిడ కూడా నేనే మూలుగుతున్నాననుకుంది.

నలభై నిమిషాలు! అర హార్స్‌పవర్ మోటారు, అంటే 373 వాట్లు, నలభై నిమిషాలు నడిస్తే తక్కువలో తక్కువ పావు యూనిట్ కరెంటు. జౌళ్లలో చెబితే దాదాపు తొమ్మిది లక్షలు. రెండున్నర జౌళ్ల ఊపు పెడితే తొమ్మిది లక్షల జౌళ్లు ఎలా కదిలాయి, శక్తిని సృష్టించలేమన్నారు కదా అని మా అమ్మాయి తర్వాత నిలదీసింది. సృష్టించలేదమ్మా, స్విచ్ అనేది తలుపు గడియ లాంటిది, గడియ తీయడానికి వేలు చాలు, వెనకాల తోసుకుని వచ్చేది వేరే అని చెప్పాను. నాకు తెలిసి ఆ రోజంతటిలో నేను చెప్పిన ఒకే ఒక్క పనికొచ్చే మాట అది, అప్పటికి వినేవాళ్ల మూడ్ పోయింది.

ఇంతకీ నీళ్లు. విద్యుచ్ఛక్తి మోటారులో యాంత్రికశక్తి అయి, నీళ్లని మిద్దె మీదికి ఎక్కించి స్థితిశక్తి అయింది, ట్యాంకు అంచు దాటి ఎనిమిది మీటర్ల కిందికి దూకుతూ గతిశక్తి అయింది. ఆ దూకిన చోట కింది వాటాలో ఉండే ఇంటి ఓనరుగారి బట్టలు ఆరుతున్నాయి. వారం బట్టలు. జౌళ్లన్నీ పోయిపోయి జౌళి మీద పడ్డాయి.

"ఏవండీ! పైన ఎవరైనా ఉన్నారా? ఉంటే బతికే ఉన్నారా?" అని కిందినుంచి కేక. నిజానికి మనిషి కేకలో ఉండే ధ్వనిశక్తి చాలా తక్కువ, గొంతు చించుకున్నా మిల్లీవాట్లలోనే ఉంటుందట. అంత తక్కువ శక్తికి నేను అంత వేగంగా మెట్లు దిగడం భౌతికశాస్త్రానికి అందదు.

ఆయన తడి చొక్కా చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఏం చెప్పాలో తోచక, ఇంగ్లండులో జౌల్ అనే ఆయన 1840ల్లో బరువుల్ని కిందికి దించి, వాటితో నీళ్లలో రెక్కల చక్రం తిప్పించి నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచాడని, నయాగరా జలపాతం కింద నీళ్లు పైనున్న నీళ్లకంటే ఫారెన్‌హీట్‌లో డిగ్రీలో అయిదోవంతు వెచ్చగా ఉండాలని లెక్క కట్టాడని, ఆ ప్రకారం మన ట్యాంకు నీళ్లు కూడా సెల్సియస్‌లో డిగ్రీలో యాభయ్యో వంతు వేడెక్కి ఉంటాయని, ఆ మేరకి బట్టలు త్వరగా ఆరచ్చని చెప్పాను. గడ్డం వాచి ఉండటం వల్ల సగం మాటలు "బబబ" అనే వినిపించినట్టున్నాయి. అందుకే బతికిపోయాను. ఆయన నా మొహం చూసి, ఏమనుకున్నారో ఏమో, "మీ ఆవిడ చాలా ఓపికమంతురాలనుకున్నానండీ" అని లోపలికి వెళ్లిపోయారు.

పైకొచ్చేసరికి మా ఆవిడ మోటారు స్విచ్ మీద ప్లాస్టర్ అంటించేసింది. నా గడ్డానికి అంటించగా మిగిలిన ముక్క.

పరీక్ష బాగానే రాసిందట మా అమ్మాయి. శక్తి మార్పిడికి నిత్యజీవితంలో ఒక ఉదాహరణ ఇవ్వండి అని అడిగితే అయిదు బాణం గుర్తులతో పెద్ద బొమ్మ వేసి వచ్చానంది. బొమ్మలో మనిషి ఎవరని నేను అడగలేదు.

డంబెల్ ఇంకా హాల్లోనే వేలాడుతోంది. విప్పాలంటే స్టూలెక్కాలి, ఆ స్టూలు ఎక్కడ దాచిందో మా ఆవిడ చెప్పటం లేదు.