శాలువాల సమాజశాస్త్రం

పీహెచ్‌డీ స్కాలర్లు పాఠం చెప్పడం కూడా నేర్చుకోవాలని యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ 2022 నవంబరులో కొత్త నిబంధనల్లో రాసింది. ట్యుటోరియల్స్, పేపర్లు దిద్దడం లాంటి అసిస్టెంట్‌షిప్ పని వారానికి నాలుగు నుంచి ఆరు గంటల దాకా అప్పగించవచ్చంది. ఎంతో ముందుచూపున్న మాట. కాకపోతే మన సోషియాలజీ డిపార్ట్‌మెంట్లలో ఆ ఆరు గంటలూ సోమవారం మధ్యాహ్నం టీ వేళకే అయిపోతాయి. తర్వాత జరిగేదంతా గురుభక్తి కింద లెక్క.

ఈ శిక్షణ ఎంత లోతుగా ఉంటుందో తెలియాలంటే జాతీయ సదస్సుకు వెళ్లాలి. అంశం: 'అసంఘటిత రంగంలో శ్రమ దోపిడీ'. పాలమూరు వలస కూలీల మీద పరిశోధన చేస్తున్న స్కాలర్ తెల్లవారుజామునే స్టేషన్‌కు వెళ్లి ముఖ్య అతిథిని తీసుకొస్తాడు. బ్యానర్ కడతాడు, భోజనం కూపన్ల మీద ముద్రలు కొడతాడు. ఆ తర్వాత శాలువాల పళ్లెం పట్టుకుని తెర వెనక నిలబడతాడు. తెచ్చినవి పన్నెండు శాలువాలు, వేదిక మీద పదమూడు మంది పెద్దలు. ఇప్పుడేం చేయాలో మెథడాలజీ పుస్తకాల్లో ఉండదు. డీన్ గారు తనకు కప్పిన శాలువా తీసి కుర్చీ మీద వేయగానే, మనవాడు వంగి వెళ్లి దాన్ని తెచ్చి, మడత పెట్టి పళ్లెంలో పెడతాడు. పదమూడో పెద్దాయనకు అదే కప్పుతారు. చప్పట్లు! అదే సమయంలో గైడ్ గారు మైకులో "శ్రమకు గుర్తింపు లేకపోవడమే దోపిడీకి మొదటి మెట్టు" అంటూ, నీళ్ల బాటిల్ తెమ్మని తెర వైపు చెయ్యి ఊపుతారు. ఆ ప్రసంగ పత్రం ముందు రోజు రాత్రి టైప్ చేసిందెవరో అడగకండి. పుస్తకంగా వచ్చినప్పుడు అతని పేరు రెండోది, వస్తే. వందన సమర్పణలో మాత్రం షామియానా వాళ్ల తర్వాత "మన స్కాలర్లు కూడా" అన్న గౌరవం తప్పకుండా దక్కుతుంది.

ఫీల్డ్‌వర్క్ సంగతి కూడా చెప్పుకోవాలి. 1950ల మొదట్లో ఉస్మానియా నుంచి సమాజ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఒక బృందాన్ని వెంటబెట్టుకుని హైదరాబాద్ దగ్గరి పల్లె శామీర్‌పేట వెళ్లి, ఊరంతా తిరిగి అధ్యయనం చేశారు. ఇప్పుడు శామీర్‌పేటకు ఔటర్ రింగ్ రోడ్డే ఉంది. స్కాలర్ అటు వెళ్లేది సార్ వాళ్లమ్మాయి రిసెప్షన్‌కు ఫంక్షన్ హాలు బేరం చేయడానికి.

"ఇవన్నీ మేమూ చేసి వచ్చినవాళ్లమే" అంటారు పెద్దలు. చేశారు సరే, జీతం మీది కదా ఇప్పుడు! జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్లకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. సెంట్రల్ యూనివర్సిటీలో జేఆర్‌ఎఫ్ లేనివాళ్లకు ఏళ్ల తరబడి 8,000. 2015లో దాన్నీ ఎత్తేయబోతే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందే పడుకోవాల్సి వచ్చింది. స్టేట్ యూనివర్సిటీలో చేరినవాళ్లకు ఆ 8,000 పథకం కూడా వర్తించదు. వాళ్లు పగలు సార్ పేపర్లు దిద్ది, రాత్రి కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పి మెస్ బిల్లు కడతారు. ఫెలోషిప్ ఉన్నవాళ్లకేమో కాగితం మీద గైడ్ సంతకం పడాలి. గ్యాస్ బండ తీసుకురావడం ఆలస్యమైతే సార్ ఆ రోజు చాలా బిజీ.

ఇంకో స్కాలర్ ఉంది, ఇంట్లో మొదటిసారి పీజీ దాటిన పిల్ల. తల్లి పత్తి ఏరి పంపిన డబ్బుతో చాప్టర్లు ప్రింట్ తీయించుకుని వస్తుంది. ఆమెను నాలుగు గంటలు వరండాలో నిలబెట్టి, "రేపు రామ్మా" అనడానికి ఎవరిచ్చారండీ మీకు హక్కు? ఆ చాప్టర్లు మీ టేబుల్ మీద ఆరు నెలలుగా టీ కప్పుల కింద నలుగుతున్నాయి. మీరు క్లాసులో తెలంగాణ వెట్టిచాకిరీ గురించి చెబుతారు, భూతకాలంలో. వెట్టిచాకిరీని రద్దు చేసిన 1976 చట్టం గురించి పది మార్కుల ప్రశ్న ఇస్తారు. ఆ జవాబులు దిద్దేది మళ్లీ ఆ పిల్లే, పైసా లేకుండా! సిగ్గుండాలి.

ఒక చిన్న విన్నపం. నిబంధనలో ఆరు గంటలని ఉంది కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో ఒక రిజిస్టరు పెట్టండి. స్కాలర్ ఏ గంటలో ఏ పని చేశాడో రాయించి, కింద గైడ్ సంతకం తీసుకుని, గంటకింత అని కట్టివ్వండి. మేడమ్ గారి కరెంటు బిల్లు కట్టిరావడం ట్యుటోరియల్ కాలమ్‌లో రాస్తారో, మూల్యాంకనం కాలమ్‌లో రాస్తారో మేమూ చూస్తాం.