అందరినీ ఒకే కొలతతో కొలిస్తే న్యాయం జరిగినట్టేనా?

ఈ మధ్య ఒక పోస్టు తెగ తిరుగుతోంది. "సోషల్ వర్కర్‌కి కష్టంలో ఉన్న మనిషి కనిపిస్తే చాలు, వాళ్ల జాతి ఏంటో భాష ఏంటో ఎందుకు? మైనారిటీలకంటూ వేరే పద్ధతులు పెడితే సమాజాన్ని చీల్చినట్టే" అని దాని సారాంశం. షేర్ చేసినవాళ్లలో చాలామంది మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు, అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్తున్నాను.

"రూలు అందరికీ ఒకటైతే వివక్షకు చోటే ఉండదు." ఉంటుంది. చెక్ దేశంలో ఏ పిల్లలు ఏ స్కూలుకి వెళ్లాలో తేల్చడానికి మానసిక పరీక్షలు వాడేవారు, కాగితం మీద రూలు అందరికీ ఒకటే. కానీ ఓస్ట్రావా నగరంలో మానసిక ఎదుగుదల తక్కువని ముద్రపడ్డ పిల్లల స్కూళ్లలోకి రోమా అనే మైనారిటీ జాతి పిల్లలు వెళ్లే అవకాశం మిగతావాళ్లకన్నా 27 రెట్లు ఎక్కువని, కేసు వేసిన 18 మంది పిల్లల తరఫువాళ్లు లెక్క చూపించారు. 2007లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఇది వివక్షేనని తీర్పిచ్చింది. చెడు ఉద్దేశం ఉందని ఎవరూ నిరూపించాల్సిన అవసరం రాలేదు. డెన్మార్క్‌లోనూ అంతే, బిడ్డను పెంచే సామర్థ్యం ఉందో లేదో చూసే పరీక్షలు డెన్మార్క్ రాజ్యంలోనే భాగమైన గ్రీన్‌లాండ్ నుంచి వచ్చిన తల్లిదండ్రుల భాషకీ జీవన విధానానికీ సరిపోవని ఏళ్ల తరబడి మొత్తుకుంటే, ఆ కుటుంబాల విషయంలో వాటి వాడకం 2025లో ఆపారు.

బిడ్డను సరిగ్గా చూసుకుంటున్నారా లేదా అని సోషల్ వర్కర్ ఇంటికి వెళ్లి రాసే రిపోర్టునే చూడండి. బిడ్డ వారంలో మూడు రాత్రులు పిన్ని ఇంట్లో పడుకుంటోంది. ఫారంలో తల్లికి ఒక గడి, తండ్రికి ఒక గడి, మిగతా బంధువులంతా "ఇతరులు". తొందరలో ఉన్న వర్కర్ "తల్లి పట్టించుకోవడం లేదు" అని రాసేస్తే, అదే వాక్యం పై అధికారి దగ్గరికీ అక్కడినుంచి కోర్టుకీ వెళ్తుంది. రాత్రి బిడ్డకి జ్వరం వస్తే ఎవరు లేస్తారు అని అడిగి ఉంటే, నలుగురు కలిసి పెంచుతున్న బిడ్డ అని తెలిసేది.

"పిల్లలకి అక్కడి భాష వచ్చుగా, దుబాసీ ఖర్చు దండగ." నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన మాట ఇది. పదేళ్ల పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, నాన్న కొట్టాడని అమ్మ చెప్పిన మాటని పరాయి మనిషికి చెప్పమంటున్నారు. ఆ పిల్ల నాన్నని కాపాడాలనో, అమ్మ పరువు పోకూడదనో, లేక భయంతోనో "అమ్మకి ఒంట్లో బాగాలేదు" అని ఊరుకోవచ్చు. ఫైల్లో ఎక్కేది ఆ ముక్కే. పక్కింటివాళ్లని పిలిస్తే సంగతి సాయంత్రానికల్లా వాళ్ల జనమందరికీ తెలిసిపోతుందేమోనని తల్లి నోరే విప్పదు. శిక్షణ ఉన్న దుబాసీ అయితే విన్నది విన్నట్టు చెప్తారు, బయట ఎక్కడా చెప్పరు.

"సాయం కావాలంటే వాళ్లే వస్తారు." ఎందుకు వస్తారు? అమెరికాలో మూలవాసుల పిల్లల్లో 25 నుంచి 35 శాతం మందిని కుటుంబాల నుంచి వేరు చేశారని తేలాకే 1978లో ప్రత్యేక చట్టం తెచ్చారు. ఆస్ట్రేలియాలో 1910 నుంచి 1970 మధ్య, ముగ్గురిలో ఒకరి నుంచి పదిమందిలో ఒకరి దాకా ఆదివాసీ పిల్లల్ని బలవంతంగా తీసుకెళ్లారని 1997 నాటి జాతీయ విచారణ చెప్పింది. అలా తీసుకెళ్లినవాళ్లలో సంక్షేమ అధికారులూ ఉన్నారు. అమ్మమ్మ కళ్లముందు జరిగిన సంగతి మనవరాలు మర్చిపోదు కదా. ఇక నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేలమంది తల్లిదండ్రుల మీద అన్యాయంగా మోసం ముద్ర వేశారు, పౌరసత్వం వివరాల్ని వివక్షాపూరితంగా వాడారని కూడా బయటపడింది, 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. నమ్మకం పోగొట్టింది ఆఫీసులైతే, దాన్ని తిరిగి తెచ్చుకోవాల్సిందీ ఆఫీసులే.

"వేరే పద్ధతులు విభజన తెస్తాయి." న్యూజిలాండ్‌లో 1980ల్లో అక్కడి మూలవాసులైన మావోరీలు సంక్షేమ శాఖలోనే జాతి వివక్ష ఉందని చెప్పారు. 1989 చట్టంతో కుటుంబ సమావేశం వచ్చింది. తాతలు, అత్తలు, మేనమామలు అందరూ కూర్చుంటారు, అధికారులు సమాచారం ఇచ్చి గదిలోంచి బయటికి వెళ్తారు, బిడ్డ గురించి కుటుంబం మాట్లాడుకుని ఒక ప్రణాళిక వేస్తుంది. చట్టం అక్కడి పిల్లలందరికీ వర్తిస్తుంది, తర్వాత చాలా దేశాలు ఈ పద్ధతిని తీసుకున్నాయి. మావోరీ పిల్లలు ఇప్పటికీ ప్రభుత్వ సంరక్షణలో ఎక్కువగానే ఉన్నారు, ఒక్క చట్టంతో అంతా మారలేదు. కానీ దీనివల్ల ఎవరు ఎవరి నుంచి విడిపోయారో ఆ పోస్టు రాసినవాళ్లు చెప్పాలి.

చివరిది, కాస్త బలమున్న ప్రశ్న: "సంస్కృతి పేరుతో పిల్లల్ని కొడితే ఊరుకుంటారా?" ఊరుకోకూడదు. ఐవరీ కోస్ట్ నుంచి లండన్ చేరిన ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబీ 2000లో తన సంరక్షకుల చిత్రహింసలకి చనిపోయింది. ఆ సంరక్షకుల ముందు పాప బిగుసుకుపోయి నిలబడితే, వాళ్ల సంస్కృతిలో పెద్దలంటే అంత గౌరవమని సోషల్ వర్కర్ అనుకున్నారని విచారణలో తేలింది. సంస్కృతి గురించి ఎక్కువ తెలిసి చేసిన పొరపాటు కాదిది, ఏమీ కనుక్కోకుండా ఊహించుకున్నది. ఆ పాప మాట్లాడేది ఫ్రెంచ్. ఆమెని విడిగా కూర్చోబెట్టి, ఫ్రెంచ్ వచ్చిన మనిషితో తీరిగ్గా మాట్లాడించాల్సింది.