మా పాప స్కూల్లో ఎంక్వైరీ నడుస్తోంది

మా పాప స్కూల్లో ఎంక్వైరీ నడుస్తోందని ఫోన్లో చెప్తే ఊళ్లో మా అమ్మ కంగారుపడిపోయి "ఏం పోయిందిరా, ఎవరి మీద?" అంది. ఆవిడ తప్పేం లేదు. మనకి ఎంక్వైరీ అంటే ఏసీబీ వాళ్లు వేసేది, లేదంటే ఏళ్లు గడిచినా తేలనిది. ఐదేళ్ల పిల్లల చేత కూడా చేయిస్తారని, దానికి టర్ముకింతని మనమే ఎదురు కడతామని ఆవిడకెలా చెప్పను.

సంగతేంటంటే మా పాపది ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్ స్కూలు. 1968లో జెనీవాలో మొదలైన సంస్థ, 1997లో 3 నుంచి 12 ఏళ్ల పిల్లలకని పీవైపీ (ప్రైమరీ ఇయర్స్ ప్రోగ్రామ్) తెచ్చారు, పిల్లలే ప్రశ్నలేసి జవాబులు వెతుక్కుని నేర్చుకోవాలి, దాన్నే ఎంక్వైరీ అంటారు. 2024 జనవరిలో ఆంధ్రా ప్రభుత్వం కూడా సర్కారు బడుల్లో పెడతామని వీళ్లతో ఒప్పందం రాసుకుంది, ఆర్నెల్లు తిరక్కుండా ప్రభుత్వమే మారిపోయింది, సరే ఆ ఎంక్వైరీ మనకెందుకు. ఈ పీవైపీలో సబ్జెక్టుల్ని దాటి ఆరు పెద్ద థీములుంటాయి, ఒకటి 'మనం ఎవరం'. రమణ మహర్షి అరుణాచలంలో కూర్చుని జీవితమంతా అడగమన్న ప్రశ్న, మా పాప యూకేజీలో కొన్ని వారాల్లో తేల్చేసి చార్టు కూడా అంటించింది.

వెక్కిరించడానికి రాయట్లేదు సుమా. బాసర తీసుకెళ్లి అక్షరాభ్యాసం చేయించి, తిరిగొచ్చి "అక్షరాలెప్పుడు మొదలెడతారు మేడమ్" అని అడిగితే "ముందు ప్రశ్న రానివ్వండి" అన్నారు, ఎంత బావుందో ఆ మాట. మా కాలంలో ప్రశ్న వస్తే గోడకుర్చీ వచ్చేది. ఇక్కడ ప్రతి యూనిట్ ముందూ 'ప్రొవొకేషన్' అని ఉంటుంది, అంటే రెచ్చగొట్టడం. మేం మాస్టార్ని రెచ్చగొడితే తన్నులు, ఇప్పుడు మాస్టారే పిల్లల్ని రెచ్చగొడతారు, తన్నులు మాత్రం నాన్నలకి, రాత్రి పదకొండింటికి థర్మాకోల్ కోసం స్టేషనరీ షాపుల చుట్టూ.

ఈసారి యూనిట్ నీళ్లు. ఒకరోజు పిల్లలొచ్చేసరికి క్లాసు మధ్యలో ఖాళీ బకెట్ ఒక్కటే పెట్టారట, అదే రెచ్చగొట్టుడు. ఇంకేముంది, సెలవు పెట్టి మరీ నేను చార్టు గీశా: సాగర్ నుంచి కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరి, సింగూరు నుంచి మంజీర, బాణం గుర్తులన్నీ వచ్చి మా టవర్ మీద పడేట్టు. పాప చూసి "మనకి ట్యాంకర్ కదా నాన్నా వస్తుంది" అంది.

అక్కడితో ఆగితే ఎంక్వైరీ ఎలా అవుతుంది. పొద్దున్నే గేటు దగ్గర ట్యాంకర్ డ్రైవర్ని పట్టుకుంది. "అంకుల్, ఈ నీళ్లెక్కడివి?" "మా ఊరి బోర్ల నుంచి పాపా." "మరి మీ ఊళ్లో వాళ్లకి?" ఆయన నవ్వి బీడీ ముట్టించాడట. ఇంత ఓపెన్‌గా జవాబిచ్చిన పెద్దమనిషి ఆ వారంలో ఇంకొకరు లేరు. నాకైతే ఆఫీసు కాల్ ఉండె.

పీవైపీలో నేర్చుకున్నది ఊరికే బుర్రలో పెట్టుకుంటే చాలదు, పిల్ల తనంతట తానే ఏదో ఒకటి చేసి చూపించాలి, దాన్ని 'యాక్షన్' అంటారు. బ్రష్ చేసేటప్పుడు కుళాయి కట్టేస్తుందేమో అని మేం అనుకున్నాం, ఫొటో తీయడానికి వాళ్లమ్మ రెడీగా ఉంది కూడా. అది వెళ్లి క్లబ్‌హౌస్ స్విమ్మింగ్ పూల్ అద్దానికి ఫెవికాల్‌తో పేపర్ అంటించొచ్చింది, రంగు పెన్సిల్‌తో వంకరటింకరగా 'ఇవి ఎవరి ఊరి నీళ్లు?' అని. అన్నట్టు అప్పటికి దానికి రాయడం వచ్చేసిందని మాకు తెలిసింది అలాగే.

రాత్రికి అసోసియేషన్ గ్రూపులో మెసేజ్. కామన్ ఏరియాలో అనుమతి లేని పోస్టర్లకి ఐదొందలు ఫైను, పిల్లల్ని ట్యాంకర్ పాయింట్ దగ్గరికి పంపకండి, సేఫ్టీ ఇష్యూ. కింద నలభై నమస్కారాలు. అందులో మా పాప క్లాస్‌మేట్ల నాన్నలవే ఎక్కువ, పొద్దున 'మావాడు ఎంత మంచి ప్రశ్నలడుగుతున్నాడో' అని స్టేటస్ పెట్టినవాళ్లే. స్కూలు వాళ్లకి ఫొటో పంపితే తెగ మెచ్చుకుని పోర్ట్‌ఫోలియోలో 'రిస్క్ టేకర్' కింద చేర్చారు. అద్దం మాత్రం కనపడకుండా కట్ చేశారు.

ఫైన్ కట్టేసి ఇంటికొచ్చా. పాప మంచమ్మీద కూర్చుని ఎదురుచూస్తోంది. "నాన్నా, ఆ అంకుల్ చెప్పాడా, ఎవరి ఊరివో?"

తొమ్మిదైంది, నోర్మూసుకుని పడుకో అన్నా.