తొమ్మిదో ప్రశ్న అడిగేదెవరు?

ఎనిమిదో తరగతి పిల్లాడి చేత కన్నతల్లిని ‘నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా’ అని అడిగించే పద్ధతిని వైద్యం అనడానికి మాకు నోరు రావడం లేదు. ఈ వారం ఓ ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో మా విలేకరి చూసింది అదే. ఒడిశాలోని గంజాం తీరం నుంచి వచ్చిన ఆ తల్లికి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. డాక్టరుకు తెలుగు రాదు. బడి మానేసి వచ్చిన కొడుకు మధ్యలో నిలబడ్డాడు. నిద్ర గురించి, తిండి గురించి బాగానే చెప్పాడు. చివరి ప్రశ్న వచ్చేసరికి మాత్రం తల్లి వైపు తిరగనే లేదు. తనే ‘లేదు’ అనేశాడు. చీటీలో అదే రాశారు. వెనక నలభై మంది లైన్లో ఉన్నారు, పిలుపు తర్వాతి వాళ్ళకి వెళ్ళిపోయింది.

ఆ పిల్లాణ్ణి మేం తప్పుపట్టడం లేదు. ఆ మాట అమ్మను అడగగలిగిన పిల్లాడు ఎక్కడైనా ఉంటాడా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు పాఠకులకు ఇది కొత్త సంగతేం కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ ఇక్కడి తెలుగువాళ్ళు ఆఫీసులకు ఒడియా వచ్చినవాళ్ళను వెంటేసుకుని తిరుగుతూనే ఉన్నారు. రేషన్ కార్డు పనికి మేనల్లుడు మాట సాయం చేస్తే వచ్చే నష్టం లేదు. మనసుకు వచ్చిన జబ్బు సంగతి వేరు. అక్కడ చెప్పుకోవాల్సిన బాధ చాలాసార్లు ఆ పక్కన నిలబడ్డ మనిషి గురించే అయి ఉంటుంది.

డిప్రెషన్‌ను అంచనా వేయడానికి డాక్టర్లు పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి వాడతారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుంటాయి. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తాను ఎందుకూ పనికిరాననిపించడం, మనసు నిలవకపోవడం, మాటల్లో కదలికల్లో మార్పు. తొమ్మిదోది చావు ఆలోచన. ఇది తెలుగులోనూ దొరుకుతుంది. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది వట్టి అపోహ. అడగడం వల్లే చాలామంది మనసులో మాట బయటపెడతారు. అలాంటి ప్రశ్నను ఇంటి మనిషి చేతికి అప్పజెబితే అది అక్కడితో ఆగిపోతుంది. కొడుకు అడగలేడు, కూతురు అడిగినా తల్లి నిజం చెప్పదు. ఎదుటివాళ్ళు ఎంత తట్టుకోగలరో చూసుకునే ఎవరైనా నోరు విప్పుతారు. బిడ్డ మొహం చూస్తూ ‘నాకు బతకాలని లేదు’ అనే తల్లి ఎవరుంటారు?

ఇంకో గడప దాటితే మరీ ఘోరం. మన ఆడవాళ్ళు దిగులుగా ఉందని నేరుగా చెప్పుకోరు. తలపోటంటారు, ఒళ్ళంతా మంటలంటారు, గుండె దడంటారు. అనుభవమున్న డాక్టరు అక్కడితో ఆగకుండా ఇంట్లో ఎలా ఉందమ్మా అని అడుగుతాడు. ఆ ప్రశ్న ముందు మొగుడి చెవిన పడుతుంది. ‘రోజూ తాగొచ్చి కొడుతున్నాడు’ అన్న జవాబును ఆ కొట్టేవాడే ఒడియాలో చెప్పాలి. చెబుతాడా? ‘ఇంట్లో అంతా బాగానే ఉంది, ఈమెకే టెన్షన్ ఎక్కువ’ అంటాడు. డాక్టరు విన్నది మొగుడి మాట, మందు రాసింది భార్యకు.

మంచి మనసున్న ఇంటివాళ్ళు చేసే నష్టం కూడా తక్కువేం కాదు. రెండు నిమిషాలు చెప్పుకున్న ఏడుపు ఒక్క వాక్యమైపోతుంది. డిప్రెషన్ మందులు గుణం చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వికారం లాంటి ఇబ్బందులు ముందే వస్తాయి. చెప్పకుండా హఠాత్తుగా మానేస్తే వేరే బాధలు మొదలవుతాయి. ఇదంతా ‘రోజూ ఒకటి వేసుకోమన్నారు’ అన్న ముక్కతో సరి. అయిదో రోజుకు ఆమె మాత్రలు గూట్లో పెట్టేస్తుంది. అటు ఆ పిల్లాడు రాత్రిళ్ళు అమ్మ లేచిందా, ఎటు వెళ్ళిందా అని చెవులు రిక్కించుకుని పడుకుంటాడు. ఇంటి బరువంతా పదమూడేళ్ళకే నెత్తికెత్తుకున్న ఆ పిల్లాడికి రేపు ఎవరు వైద్యం చేస్తారు?

చట్టం లేదా అంటే నిక్షేపంగా ఉంది. 2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి సమ్మతి అంటే ఏమిటో విడమరిచి చెప్పింది. చికిత్స వల్ల మేలేమిటో, ముప్పేమిటో, ఇంకే దారులున్నాయో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాకే అది సమ్మతి. అదే చట్టం రోగి గోప్యతను కూడా హక్కుగా ఇచ్చింది. మొగుడు మధ్యలో కూర్చున్న గదిలో ఆ గోప్యత ఎక్కడుంది?

డాక్టర్లు తక్కువ, రోగులు ఎక్కువ, ఒడిశాలో ఉంటున్నవాళ్ళు ఒడియా నేర్చుకోవాలి కదా అనేవాళ్ళున్నారు. నేర్చుకోవాల్సిందే, నేర్చుకుంటున్నారు కూడా. నిద్ర లేక, తిండి సహించక కూలబడ్డ మనిషికి చెప్పే సలహా మాత్రం అది కాదు. ఓట్లడగడానికి ఈ వాడలకు వచ్చే నాయకులకు తెలుగు మాట్లాడేవాళ్ళు ఎలా దొరుకుతున్నారో ఆసుపత్రికీ అలాగే దొరుకుతారు.

ఇక్కడ గుండె ధైర్యం సడలిపోయే కారణాలు తక్కువేం లేవు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ తుపాను గజపతి జిల్లాను కుదిపేసింది. గంజాం తీరంలోని పొడంపేటలో సముద్రం ఇళ్ళనే మింగేసింది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఒడిశా లేదు. ఇక ఒడిశాలోని తెలుగు తల్లి ఎవరి లెక్కలోకి వస్తుంది?

మేం అడుగుతున్నది కొత్త ఆసుపత్రి కాదు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలను మానసిక వైద్యం ఓపీలో మాట సాయానికి నిలబెట్టడం రేపటి నుంచే ఆపాలి. ఎవరు వెంట వచ్చినా రోగితో డాక్టరు విడిగా మాట్లాడే అయిదు నిమిషాలు ఉండాలి. తెలుగు మాట్లాడే నర్సులు, ఆశా కార్యకర్తలు ఈ జిల్లాల్లో ఉన్నారు. విన్నది బయటకు పొక్కనివ్వకూడదని వాళ్ళకు శిక్షణ ఇచ్చి, అదనపు పనికి డబ్బిచ్చి, వారానికో రోజు కేటాయించండి. అదీ చేతకాకపోతే ఓపీ బల్ల మీద ఒక ఫోను పెట్టండి. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోను 14416 నంబరు రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడుతుంది. రోగినే ఇంటికెళ్ళి ఆ నంబరుకు చేసుకోమంటే లాభం లేదు. ఒకటే గది ఉన్న ఇంట్లో, మొగుడి జేబులో ఉన్న ఫోను నుంచి ఆమె ఎవరికి చేస్తుంది?

1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అధికారులు ఇన్నేళ్ళలో ఈ మాత్రం ఆలోచించకపోవడం సిగ్గుచేటు. ఉగాదికి వేదికలెక్కి తెలుగు తీపి గురించి గంటలకొద్దీ మాట్లాడే సంఘాల పెద్దలు ఏనాడైనా ఓపీ గుమ్మం తొక్కారా? శాలువాల ఖర్చు ఒక్క ఏడాది ఇటు మళ్ళించినా ఇద్దరు మనుషుల జీతం వెళ్ళిపోతుంది. పనుందని తాము ఇంట్లో ఉండిపోయి పిల్లాణ్ణి బడి మాన్పించి పంపే తండ్రులకూ ఒక మాట. వచ్చేసారి మీరే వెంట రండి. వచ్చి గది బయట కూర్చోండి.