ఎండబెట్టే మందు ముందా, మింగడం నేర్పే చికిత్స ముందా?

మెదడు దెబ్బతిని కండరాల అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు చొంగ కారడాన్ని లాలాజలం ఎక్కువగా ఊరే జబ్బుగా చూసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. వీరిలో అత్యధికులకు లాలాజలం మిగతా పిల్లలకు ఊరినంతే ఊరుతుంది. పెదవులు సరిగా మూతపడకపోవడం, నాలుక ఉమ్మిని వెనక్కి నెట్టలేకపోవడం, తల ముందుకు వాలిపోవడం, నోరు తడిసిన స్పృహ మందగించడం, మింగవలసినన్ని సార్లు మింగకపోవడం అసలు కారణాలు. లోపం మింగడంలో ఉండగా లాలాజల గ్రంథులను ఎండబెట్టే మందుతో వైద్యం మొదలుపెట్టడం తలకిందుల పని, విజయవాడ, గుంటూరు వంటి ఊళ్ళలోనైతే ప్రమాదకరం కూడా.

ట్రైహెక్సీఫెనిడిల్, గ్లైకోపైరోలేట్ వంటి మందులు లాలాజల గ్రంథులను అదుపు చేసే నాడీ సంకేతాన్నే అడ్డుకుంటాయి. చెమట గ్రంథులు పనిచేసేదీ అదే సంకేతంతో కనుక నోటితోపాటు చర్మమూ పొడిబారుతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, రేకుల కప్పు కింద ఫ్యాను గాలికి పడుకున్న పిల్లవాడికి ఒంటి వేడి దిగే దారి చెమట ఒక్కటే. దాహమేస్తోందని నోరు తెరిచి చెప్పలేని, లేచి నీళ్ళు తాగలేని బిడ్డకు ఆ దారి మూసి పంపుతున్నామని మందు చీటీ రాసేటప్పుడు ఎందరు తల్లిదండ్రులకు వివరిస్తున్నారు? పైగా ఈ పిల్లల్లో మామూలుగానే ఉండే మలబద్ధకం మందుతో ముదురుతుంది, మూత్రం బిగుస్తుంది, కఫం చిక్కబడి దగ్గినా బయటికి రాదు. చొక్కా మీద కనిపించే తడి కన్నా, గొంతు వెనక్కి జారి ఊపిరితిత్తుల్లోకి చేరే తడి ప్రాణాంతకమైనది. పదేపదే న్యుమోనియా వచ్చే బిడ్డ విషయంలో మొదట పరీక్షించవలసినది దాన్నే.

అసలు చొంగ పెరగడానికి ఇంకో మందే కారణమేమో చూడడం లేదు. మూర్ఛకు వాడే క్లొబజామ్, క్లొనజెపామ్ కొందరు పిల్లల్లో చొంగను పెంచుతాయి. వాటి మోతాదును నాడీ వైద్యునితో సమీక్షించకుండా (తల్లిదండ్రులు సొంతంగా ఆపడం మాత్రం కూడదు) దానిపై రెండో మందు వేయడాన్ని చికిత్స అనలేము. పుచ్చిన పళ్ళు, ముక్కు వెనక వాచిన అడినాయిడ్ గ్రంథులు, కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం కూడా సరిచేయదగిన కారణాలే.

నోటి వ్యాయామాలకు గట్టి పరిశోధనా బలం లేదని, నెలల తరబడి థెరపీకి తిరగలేని కుటుంబానికి మందు రోజుల్లోనే ఊరటనిస్తుందని కొందరు వైద్యులు వాదిస్తారు. కొంతవరకు నిజమే. చెప్పింది గ్రహించలేని, తల నిలపలేని పిల్లలకు మందు గానీ, అల్ట్రాసౌండ్ సాయంతో గ్రంథుల్లోకి ఇచ్చి లాలాజలాన్ని తగ్గించే బొట్యులినం ఇంజెక్షన్ గానీ అవసరపడవచ్చు. అయితే ఇంజెక్షన్ ప్రభావం కొన్ని నెలలే ఉంటుంది, ఒక్కోసారి మింగడాన్నే బలహీనపరుస్తుంది. పైగా నేను కోరుతున్నది బుగ్గలు మర్దన చేసి పంపే థెరపీని కాదు. తుంటి, నడుము, పాదాలు ఆనేలా అమర్చిన కుర్చీ, తల నిటారుగా నిలిచేలా పుస్తకం, బొమ్మ కళ్ళ ఎత్తుకు వచ్చేలా అమర్చిన బల్ల, మాట గ్రహించే బిడ్డకు మూతి తుడుచుకుని మింగమని గుర్తుచేసే సంకేతం, దాన్ని ఇంట్లోనూ బడిలోనూ ఒకే తీరున పాటించే పెద్దలు కావాలి. ఇవి ముందు జరిగితే ఎవరికి మందు తప్పనిసరో తేలుతుంది.

ఇది జరగకపోవడానికి వైద్యుల అజ్ఞానం కన్నా డబ్బు చెల్లించే పద్ధతే పెద్ద కారణం. విజయవాడ సూర్యారావుపేటలోనూ గుంటూరు అరండల్‌పేటలోనూ ఆస్పత్రులు పక్కపక్కనే ఉన్నాయి. మన ఆరోగ్య పథకాలు మాత్రం ఆపరేషన్ల, ఇన్‌పేషెంట్ ప్యాకేజీల చుట్టూనే అల్లుకున్నాయి. వారం వారం వచ్చి కూర్చోబెట్టడం నేర్పే మనిషికి వాటిలో చోటు బహు తక్కువ. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఇస్తూ థెరపీ ఖర్చునూ కలుపుకుంటుంది, కానీ ఆ పేరు విన్న కుటుంబాలు మైలవరంలోనో సత్తెనపల్లిలోనో ఎన్ని ఉంటాయి? రాష్ట్రం 2024లో దివ్యాంగుల పింఛనును ఆరు వేలకు పెంచింది. మంచిదే, కానీ ఊళ్ళో థెరపిస్టు లేనప్పుడు ఆ డబ్బు బస్సు చార్జీలకు, మందులకు పోతుంది. కొత్త భవనాలు కట్టనక్కర్లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలకు ఫిజియోథెరపిస్టుతోపాటు మింగడంలో శిక్షణ పొందిన స్పీచ్ థెరపిస్టును నిర్ణీత రోజుల్లో పంపి, వారి సేవకు ఆరోగ్య పథకం నుంచే చెల్లించాలి. రాబోయే వేసవిలోపు కనీసం ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల్లోనైనా దీన్ని మొదలుపెట్టవచ్చు.