భయపెడితే చెడ్డ కబురు పైకి రాదు

బెంగళూరు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. కాలేజీ బ్యాచ్ గ్రూపులోనూ అదే, అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ అదే. గొప్ప లీడర్ల సూత్రాలట, నాలుగున్నాయి. భయం ఉన్నచోటే పని జరుగుతుంది. లీడర్ తన తప్పు ఒప్పుకుంటే లోకువైపోతాడు. టీమ్‌కి అన్ని విషయాలూ చెప్పకూడదు. పని చెడితే ఎవరివల్ల చెడిందో అందరి ముందూ తేల్చాలి. వీటికి సాక్ష్యంగా చివర్లో, ప్రేమకన్నా భయమే భద్రమన్న పాతకాలపు ఇటలీ రచయిత మాకియవెల్లి మాట. కొత్తగా టీమ్ లీడ్ అయిన కుర్రాళ్ళు దీన్ని మెచ్చుకుని పదిమందికీ పంపుతున్నారు. వాళ్ళ కింద చేరబోయే పిల్లల్ని తలుచుకుంటే నాకు బాధగా ఉంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

మొదటిది భయం. ఎక్కువ నష్టం చేసేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక మేనేజర్ ఉండేవాడు. పొద్దున స్టాండప్ మీటింగ్‌లో ఆలస్యం అన్న మాట వినబడితే చాలు, అందరూ వింటుండగానే ఆ మనిషిని కడిగేసేవాడు. దాంతో ఎవర్ని అడిగినా 'ఆన్ ట్రాక్ సర్' అనేవాళ్ళు. స్టేటస్ షీట్‌లో గడులన్నీ అంతా బాగుందన్నట్టు ఆకుపచ్చగా ఉండేవి. పేమెంట్ భాగం టెస్ట్ చేస్తున్న అనంతపురం అమ్మాయికి మాత్రం, ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు డబ్బు కట్ అవుతోందని బుధవారమే తెలుసు. పక్క సీటు అబ్బాయికి ముందు వారం జరిగిన అవమానం కళ్ళారా చూసింది. ఇంకోసారి సరిచూసుకుని చెబుదాంలే అని ఊరుకుంది. శనివారం రాత్రి సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయింది, తెల్లారేసరికి కస్టమర్లే చెప్పారు. 'నాకు ముందే ఎందుకు చెప్పలేదు?' అని మేనేజర్ అరిచాడు. చెప్పే దారి మూసేసింది ఆయనే.

భయపడినవాళ్ళు కుర్చీలో ఎక్కువసేపు కూర్చుంటారు, మెయిల్‌కి క్షణాల్లో జవాబిస్తారు, కంటికి కనబడే పనంతా చేస్తారు. దాన్ని చూసి పని జరుగుతోందనుకుంటాం. లీడర్‌కి అన్నిటికన్నా ముందు తెలియాల్సిన చెడ్డ కబురు మాత్రం కిందే ఉండిపోతుంది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 1990లలో హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందులు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించారు. చక్కగా నడిచే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనే ఎవరైనా అనుకుంటారు. లెక్క తిరగబడింది, అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. ఆరా తీస్తే తేలింది, ఆ బృందాలు తప్పుల్ని దాచుకోకుండా పైకి చెప్పుకుంటున్నాయని. మిగతాచోట్ల తప్పులు జరుగుతూనే ఉన్నాయి, కాగితం మీదికి రావడం లేదు.

తప్పు ఒప్పుకోకూడదన్న రెండో సూత్రానికీ, ఎవరివల్ల చెడిందో అందరి ముందూ తేల్చాలన్న నాలుగోదానికీ కలిపే జవాబిస్తాను. ఆ రెంటినీ తప్పని చూపించినవాళ్ళలో ఒకాయన ఈ ఊళ్ళోనే ఉండేవారు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఉపగ్రహాన్ని మోసుకెళ్ళే రాకెట్ ఎస్‌ఎల్‌వి-3 మొదటిసారి ఎగిరింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. రెండో దశలో నియంత్రణ వ్యవస్థ పనిచేయలేదు, రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్, బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీకి డైరెక్టర్ కూడా ఆయనే. ఆరోజు విలేకరుల ముందుకు కలాంని తోయకుండా తానే వెళ్ళారు. తన బృందం మీద తనకు నమ్మకం ఉందని, వచ్చే ఏడాదికల్లా సాధిస్తారని చెప్పారు. 1980 జులై 18న అదే రకం రాకెట్ మీద రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఈసారి విలేకరుల దగ్గరికి కలాంని పంపి, తాను పక్కకు తప్పుకున్నారు.

ధావన్ కారణం వెతకడం మానేశారని కాదు. ఇంధనం మండడానికి ఆక్సిజన్ ఇచ్చే రసాయనం (ఆక్సిడైజర్) లీకైందని ఇస్రో తేల్చింది, సరిచేసుకుంది. ఏది చెడిందో చివరిదాకా తవ్వాలి. మనిషిని నడివీధిలో నిలబెట్టడం వేరే పని. అది మొదలయ్యాక తవ్వడానికి ఎవరూ సాయం రారు, ఎవరి మెడ వాళ్ళు కాపాడుకుంటారు.

తప్పు ఒప్పుకుంటే లోకువా? ఆ మొదటి ప్రయోగానికి ముందు కంప్యూటర్ ఆగమని చూపించినా, నిపుణుల మాట మీద దాన్ని దాటి ముందుకెళ్ళింది తానేనని కలాం తర్వాత ఎన్నో సభల్లో, పిల్లల ముందు కూడా చెప్పారు. ఆయన్ని లోకువగా చూసినవాళ్ళు నాకు ఎక్కడా కనబడలేదు. 2002లో దేశం ఆయన్ని రాష్ట్రపతిని చేసింది.

టీమ్‌కి అన్నీ చెప్పకూడదన్న మూడోదాంట్లో సగం నిజం ఉంది. ఒకరి జీతం, ఒకరి ఆరోగ్యం ఇంకొకరికి చెప్పకూడదు. కానీ ప్రాజెక్ట్ ఆగిపోతుందేమో అన్న సంగతి గుప్పిట్లో పెట్టుకుంటే, టీ తాగేచోట దానికి పదింతల పుకారు పుడుతుంది. తెలిసింది చెప్పి, తేలనిదాని గురించి ఫలానా రోజు చెప్తానని మాటిచ్చి, ఆరోజు చెబితే చాలు. టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇక మాకియవెల్లి. ప్రేమా భయమూ రెండూ కుదరనప్పుడు భయమే భద్రం అని ఆయన రాసింది నిజమే. ఆ వెంటనే, జనం ద్వేషం మాత్రం తెచ్చుకోవద్దని కూడా రాశాడు. ఫార్వర్డ్ చేసినవాళ్ళు ఆ ముక్క కోసేశారు. పైగా అది అయిదు వందల ఏళ్ళ కిందటి ఇటలీలో సింహాసనం కాపాడుకోవాల్సిన రాజుకి చెప్పిన మాట. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక టెక్ పార్క్ నుంచి ఇంకోదానికి మారడానికి నోటీస్ పీరియడ్ ఒక్కటే అడ్డం. ముందుగా వెళ్ళిపోయేది కూడా పని బాగా వచ్చినవాళ్ళే.

'చనువిస్తే చంకెక్కుతారు కదా, డెడ్‌లైన్ ఎవరు పట్టించుకుంటారు?' అని మీరు అడగొచ్చు. పని విషయంలో గట్టిగా ఉండండి. నాసిరకం కోడ్ వెనక్కి పంపండి, గడువు తప్పితే పిలిచి అడగండి. మనిషిని భయపెట్టకుండానే ఇవన్నీ చేయొచ్చు. ధావన్ విలేకరుల ముందు అన్న 'వచ్చే ఏడాది' మెత్తని ఓదార్పేమీ కాదు, దేశమంతా వింటుండగా పెట్టిన గడువు. ఏడాది తిరక్కముందే ఆ బృందం దాన్ని అందుకుంది.