మహారాజశ్రీ సెక్షన్ 198-ఎ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

బెజవాడ నుంచి ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే మన్నించగలరు. కాలర్‌బోన్ విరిగి కుడి చెయ్యి మెడలో పట్టీకి వేలాడుతోంది. రోడ్డు మీది గుంతలో పడి ఎలా విరిగిందో చెప్పనక్కర్లేదు. వాన వెలిశాక, చీకటి పడ్డాక ఈ ఊళ్లో బండి మీద ఇంటికి చేరిన ప్రతివాడికీ తెలుసు.

మోటారు వాహనాల చట్టంలో తమరు 2019 సవరణతో అవతరించారు. రోడ్డు ప్రమాణాల ప్రకారం వెయ్యక, వేసింది చూసుకోక, దానివల్ల మనిషి చచ్చినా, అవిటివాడైనా సదరు అధికారికో కాంట్రాక్టరుకో లక్ష రూపాయల దాకా జరిమానా అన్నారు. అది చదివి ఆస్పత్రి మంచం మీదే లేచి కూర్చున్నాను. తర్వాతి ముక్క చదివి మళ్లీ పడుకున్నాను. ఆ లక్ష పడినవాడి చేతికి రాదు, సర్కారువారి ప్రమాద నిధికి జమ అవుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడే వరాన్ని హుండీలో వేసేసుకున్నాడు. పైగా నేను చావనూ లేదు, అవిటివాణ్ణీ కాలేదు. నెలన్నరలో అతుక్కుంటుందని డాక్టరుగారు చెబితే మా ఆవిడ కొండ వైపు తిరిగి అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది. తమరి లెక్కలో మాత్రం నా కేసు అక్కడే పోయింది.

తమరి బంధువర్గాన్నీ పలకరించాను. ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్దామంటే గుద్దిన బండి ఏది, డ్రైవరెవరు, ఓనరెవరు, ఇన్సూరెన్సు ఎవరిది అంటారు. గుంతకి నంబరు ప్లేటు లేదు. పాలసీతోపాటు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కట్టాను కదా అంటే, దానికి ప్రాణం పోవాలి, లేదా కాలో చెయ్యో కన్నో పోవాలి. అవైనా ఒక్కటే పోతే సగం. విరిగి అతుక్కునేవాటికి అందులో చోటు లేదు. స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ మంచివాడు, కుర్చీ వేయించి మరీ చెప్పాడు: "ఎదురుబండి లేదు కదండీ. రాస్తే ర్యాష్ డ్రైవింగని మీ మీదే రాయాలి. ఎందుకొచ్చిన గొడవ, ఇంటికెళ్లి రెస్టు తీసుకోండి." సివిల్ కోర్టంటే ప్రభుత్వానికి ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలట. ప్లీడరుగారు ఫీజు చెప్పగానే భుజం నొప్పి మర్చిపోయాను.

ఇవన్నీ మింగేశాను. మొన్న సోమవారం జరిగింది మాత్రం గొంతు దిగడం లేదు.

ఫొటోలు, ఎక్స్‌రే, బిల్లులు, ఆధార్ జిరాక్సు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను. చెబితే ఆ రోడ్డు మా పరిధిలోది కాదని ఇంకో ఆఫీసు పేరు చెబుతారు. "సారు ఫీల్డులో ఉన్నారు" అన్నారు. ఏ ఫీల్డో గానీ మా రోడ్డు మీదైతే ఏనాడూ కనబడలేదు. భోజనాల వేళ దాటింది, టీ వేళా దాటింది. సారు వచ్చారు. ఫొటోలు తిరగేస్తూ ఒకదాని దగ్గర ఆగి, వేలు పెట్టి చూపించారు. "ఇదుగో, ఇక్కడ కొమ్మ పాతి ఉంది కదండీ. హెచ్చరిక ఉన్నట్టే. మీరే చూసుకుని వెళ్లాల్సింది."

అయ్యా, ఆ కొమ్మ సంగతి తమరికి విన్నవించుకోక తప్పదు. బాగుచేసే వ్యవధి లేకపోతే కనీసం హెచ్చరికైనా పెట్టారా అని కోర్టు చూడాలని తమరిలోనే ఉంది మరి.

నేను పడ్డప్పుడు అక్కడ కొమ్మ లేదు. నీళ్లున్నాయి. పునుగుల బండి బాబాయి మూకుడు అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చి, నన్ను బండి కిందనుంచి లాగి ఆటో ఎక్కించాడు. ఆ తర్వాత, ఇంకొకడు పడకూడదని, పక్కనున్న వేపచెట్టు కొమ్మ విరిచి, సిమెంటు సంచి చింపి దాని కొసకి కట్టి, గుంతలో నిలబెట్టి చుట్టూ ఇటుక ముక్కలు పేర్చాడు. మర్నాడు పొద్దున మా బావమరిది సాక్ష్యం కోసం ఫొటో తీస్తే ఆ కొమ్మా పడింది. అంటే నేను పడ్డందుకు పాతిన కొమ్మ, నేను పడకముందే నన్ను హెచ్చరించిందన్నమాట!

ఇదే చెప్పాను. "కొమ్మ ఆ తర్వాతే పెట్టారని ప్రూఫ్ ఉందా?" అన్నారు. కొమ్మకి ప్రూఫ్! ఆ గుంత గురించి వీధివాళ్లు పెట్టుకున్న అర్జీల మీద వాళ్ల ఆఫీసు ముద్రే ఉంది, తేదీతో సహా. అది మాత్రం కళ్లకి ఆనదు. 'ప్రమాదకరమని అధికారికి తెలుసా, తెలిసి ఉండాల్సిందా' అని కూడా నీలోనే రాసి ఉంది కదయ్యా! ఎవడు చదివాడు? నన్ను ఒక మధ్యాహ్నమంతా బెంచీ మీద కూర్చోబెట్టిన ఆ మనిషి చదివాడా? హెల్మెట్ లేకపోతే నాకు వెయ్యి రూపాయల చలానా. నా నంబరు ప్లేటు చదివే కెమెరాకి తన కిందున్న గుంత కనబడదు. లీటరు పెట్రోలు మీద రూపాయి రోడ్డు సెస్సు 2020లోనే వేశారు. ఆ రూపాయి ఎక్కడ తారుగా మారిందో నువ్వైనా అడిగావా? పెద్దవాళ్ల కాన్వాయ్ వెళ్లే దారి మాత్రం రాత్రికి రాత్రే నున్నబడుతుంది.

2013 నుంచి 2017 దాకా గుంతల వల్ల 14,926 మంది పోయారని, సరిహద్దులో పోయినవాళ్లకంటే ఇది ఎక్కువని 2018లో సుప్రీంకోర్టే వాపోయింది. నువ్వు ఆ తర్వాత పుట్టినవాడివి. పుట్టి ఏం చేశావ్?

2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు గుంతల్లో పడి చస్తే 6 లక్షలు, దెబ్బలు తగిలితే 50 వేల నుంచి 2.5 లక్షల దాకా ఇమ్మంది. ఆ డబ్బు బాధ్యుల దగ్గరే రాబట్టమంది. అదంతా మహారాష్ట్ర వరకే. "ఈసారి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో బండి పార్సిల్ వేసుకుని వెళ్లి అక్కడ పడు బావా" అంటున్నాడు మా బావమరిది. వాడు నవ్వడం లేదు.

సరే, నాకేమీ ఇప్పించకు. ఒక్క పని చెయ్యి. ఆ కొమ్మ హెచ్చరిక బోర్డేనని ఆ సారు చేత కాగితం మీద రాయించి సంతకం పెట్టించు. బోర్డు పెట్టిన కాంట్రాక్టరుగా మా పునుగుల బాబాయి పేరు వేసి కొమ్మకి, సంచికి, ఇటుకలకి, కూలికి బిల్లు పెడతాం. పాతది ఎండి ఆకులు రాలిపోతున్నాయని నిన్న కొత్త కొమ్మ కూడా మార్చాడు. మెయింటెనెన్సు బిల్లు వేరు.